స్టౌర్ ఏట్లో గడ్డిబండి

ఈసారి ఒక పెయింటింగ్ వెనక ఉన్న చరిత్ర రాస్తున్నాను. పేరు ‘ది హే వెయిన్’. మన మాటల్లో గడ్డిబండి. జాన్ కాన్‌స్టబుల్ దీన్ని 1821లో గీశాడు. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వెడల్పు 185 సెంటీమీటర్లు, అంటే ఒక పొడుగాటి మనిషి పడుకున్నంత.

బొమ్మలో వేసవి మధ్యాహ్నం. ఖాళీ బండి నీళ్లలోకి దిగింది. ఒడ్డు మీద ఒక కుక్క చూస్తోంది. ఎడమ పక్క విల్లీ లాట్ అనే రైతు ఇల్లు. ఎవరికీ తొందర లేదు. అందుకే ఇంగ్లండ్‌లో ఇది క్యాలెండర్ల మీద, బిస్కెట్ డబ్బాల మీద కూడా కనిపిస్తుంది.

స్టౌర్‌ని నది అనాలా, ఏరు అనాలా? గోదావరి నది. బండి దిగి దాటగలిగితే ‘ఏరు’ అనడమే నాకు నచ్చింది.

కానీ ఈ ఏరు ఊరికే పారేది కాదు. సఫొక్, ఎసెక్స్ జిల్లాల మధ్య దీని మీద సరుకు పడవలు నడిచేవి. వాటిని గుర్రాలు ఒడ్డు మీద నుంచి లాగేవి. దారిలో లాకులు ఉండేవి. (గోదావరి కాలువల మీద కూడా లాకులే అంటారు!) బొమ్మలోని చోటు పక్కనే ఫ్లాట్‌ఫర్డ్ పిండిమర ఉంది. అది కాన్‌స్టబుల్ వాళ్ల నాన్నది. ఆయన ధాన్యం వ్యాపారి. అంటే మనం చూస్తున్నది మర యజమాని కొడుకు చూసిన ఏరు.

కూలీలకు ఆ రోజులు వేరు. 1815లో ఫ్రాన్స్‌తో యుద్ధం అయిపోయింది. సైనికులు ఇళ్లకు వచ్చారు, పని దొరకలేదు, కూలి పడిపోయింది. అదే ఏడాది బయటి ధాన్యాన్ని ఆపే చట్టం వచ్చింది. రొట్టె ధర తగ్గకూడదని భూస్వాములు కోరుకున్నారు. 1816లో ఆ ప్రాంతంలో ఆకలితో అల్లర్లు జరిగాయి, గడ్డివాములు తగలబెట్టారు. 1822లో మళ్లీ అల్లర్లు. ఈ రెండిటి మధ్య వచ్చిన బొమ్మ ఇది! కాన్‌స్టబుల్ అప్పుడు లండన్‌లో ఉన్నాడు. పాత స్కెచ్‌లు ముందు పెట్టుకుని అక్కడే గీశాడు. అబద్ధం గీశాడని నేను అనను. చిన్నప్పుడు చూసిన ఏరు అలాగే ఉండి ఉంటుంది. కానీ ఆకలి అందులోకి రాలేదు.

1821లో లండన్ ప్రదర్శనలో దీని పేరు ‘ల్యాండ్‌స్కేప్: నూన్’. ఎవరూ కొనలేదు. 1824లో పారిస్‌లో మాత్రం బంగారు పతకం వచ్చింది.

మీరు చూడటానికి వెళితే కుడి పక్క, దూరంగా ఉన్న పొలం చూడండి. తెల్ల చొక్కాల కూలీలు గడ్డి కోస్తున్నారు. బండి వాళ్ల కోసమే వెళ్తోంది. ఒక్కొక్కరు చిన్న తెల్ల చుక్కంత ఉన్నారు.