మెడ చాపితే రాకెట్టు

రోడ్డు దిగి రండి. చూసుకోండి, పైన ఎండి బీటలు వారినట్టున్నా కింద బురద మెత్తగానే ఉంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే ఈ దారికి అటూ ఇటూ పులికాట్ సరస్సే. జనవరి సాయంత్రం. అటకానితిప్ప దగ్గర నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. దూరంగా గులాబీరంగు చార ఒకటి మెల్లగా కదులుతోంది. ఫ్లెమింగోలు.

గట్టు మీద పాత వల పరుచుకుని ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. అక్క ఏడో తరగతి, తమ్ముడు నాలుగు. వాళ్ల మధ్య తాటాకులు, ఈనెలు, వలకు కట్టే బెండ్లు, రబ్బరుబ్యాండ్లు, పాత బొమ్మలోంచి పీకిన ఎర్ర ఎల్‌ఈడీ, మూడు పెన్సిల్ సెల్లు. నోటుపుస్తకంలో ఒకపక్క పక్షి, ఇంకోపక్క రాకెట్టు, నడుమ పెద్ద ప్రశ్న గుర్తు.

"మామా, ఇది పక్షి. ఒక్కసారి లాగితే రాకెట్టు కావాల. ఎట్టా?"

తమ్ముడి దగ్గర ఆలోచనలకు కరువులేదు. కౌంట్‌డౌన్ చెప్పాలంటాడు. తోకలోంచి పొగ రావాలంటాడు. చప్పట్లు కొడితే రెక్కలు విప్పాలంటాడు. 2023 జూలై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు వీడు ఇక్కడే నాన్న భుజాల మీద ఉన్నాడట. అక్క ఒక్కటీ కొట్టేయకుండా అన్నీ రాసుకుంటోంది. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఏది కుదరదో ఈనె విరిగినప్పుడు ఎలాగూ తెలుస్తుంది.

విరిగింది కూడా. అంత పొడుగు కాళ్లను రాకెట్టు పొట్టలోకి మడవాలని రెండుచోట్ల వంచింది, పట్టలేదు. మూడోచోట వంచితే ఈనె నిలువునా చీలింది. పక్షికి మోకాలు వెనక్కి వంగుతుంది గదా అని ఆమె వాదన. అది మోకాలు కాదని, చీలమండ అని చెప్పాను. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. నమ్మనట్టు చూసింది.

అప్పుడు లేచిందా గుంపు. నీళ్ల మీద టపటపా నాలుగడుగులు పరిగెత్తి, నల్లంచు ఎర్ర రెక్కలు విప్పి, మెడ ముందుకు, కాళ్లు వెనక్కి చాచి, గీత గీసినట్టు మా తలల మీదుగా పోయాయి.

అక్క చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "ఒరే, అది రాకెట్టేరా!"

ఇక మడతల గొడవే లేదు. మెడకూ కాళ్లకూ కలిపి ఒకటే వలదారం. లాగితే రెండూ చాచుకుంటాయి, వదిలితే రబ్బరుబ్యాండు వాటిని మళ్లీ వంచి పక్షిని చేస్తుంది. తాటాకు రెక్కలు ఒంటికి చుట్టుకుంటే రాకెట్టు. ఊడదీసి పక్కన పెట్టాల్సిన ముక్క ఒక్కటీ లేదు. రూపం మారే బొమ్మలో నేను చూసేది అదే.

వాళ్లకు సోరా-క్యూ సంగతి చెప్పాను. రూపం మారే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు 1984లో అమెరికాలో ఆ పేరుతో వచ్చాయి. వాటి మూలం జపాన్‌లోని టకారా కంపెనీ బొమ్మల్లో ఉంది. ఆ కంపెనీయే తర్వాత టకారా టోమీ అయ్యి, జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సాతో కలిసి, 8 సెంటీమీటర్ల బంతిలాంటి ఈ సోరా-క్యూ రోబోను చేసింది. బరువు దాదాపు పావుకిలో. 2024 జనవరి 20న స్లిమ్ ల్యాండర్‌తో చంద్రుడి మీద దిగి, బంతి రెండుగా విచ్చుకుని, ఆ చిప్పలే చక్రాలై నడిచింది. ముక్కు మీద ఒరిగిపోయిన స్లిమ్ ఫోటో తీసింది అదే.

"బొమ్మల కంపెనీ వాళ్లా?" అని రెండుసార్లు అడిగాడు తమ్ముడు.

ఇప్పుడు కరెంటు. ఒక్కో కాలి వెంట ఒక రాగితీగ, ముక్కులో ఎల్‌ఈడీ. ఉప్పునీళ్లు కరెంటును దాటిస్తాయి కనుక సరస్సులో నిలబెడితే ముక్కు వెలగాలి. రెండు సెల్లతో మినుకుమంది. మూడోది పెడితే బరువుకు బొమ్మ బోర్లాపడింది. సెల్లను పొట్ట కిందికి దించి, పక్కన రెండు బెండ్లు కట్టింది అక్క. నిలబడింది. ముక్కు ఎర్రగా వెలిగింది.

సీసాలోని తాగేనీళ్లు గిన్నెలో పోసి అందులో పెట్టాం. వెలుగు దాదాపు కనపడలేదు. "ఇది నీళ్లు రుచి చూస్తాది మామా!" వానల్లో కాళంగి, ఆరణి మంచినీళ్లు తెస్తాయి, ముఖద్వారంలోంచి సముద్రం ఉప్పు తెస్తుంది, ఎండాకాలం ఆ ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. ఈ సరస్సులో చేపా రొయ్యా బతికేది ఆ తేడా మీదే. ఆ తేడా ఈ బొమ్మ ముక్కులో కనపడుతుంది.

తమ్ముడు దాన్ని మళ్లీ సరస్సులో నిలబెట్టాడు. కాసేపు చూసి, ఎందుకో ఒక కాలు పట్టుకుని నీళ్లలోంచి పైకెత్తాడు. తీగ తెగినట్టే, ముక్కు ఆరిపోయింది. దూరాన మిగిలిన ఫ్లెమింగోలు ఒంటికాలి మీద, తల ఈకల్లో దాచుకుని నిలబడి ఉన్నాయి.

"నిద్రపోయింది," అన్నాడు గొంతు బాగా తగ్గించి.