అప్పుపత్రము వ్రాసిన దేవుడు



మా తండ్రిగారు మా అక్క పెండ్లికి రెండెకరముల మెట్టచేను కుదువబెట్టి అప్పు తెచ్చిరి. పత్రము వ్రాసియిచ్చిన నాటి సాయంకాలము వీధి అరుగుమీద కూర్చుండి, "పెండ్లికి అప్పుచేయుట కొండమీది స్వామికే తప్పలేదు, నాకు తప్పునా?" అని నవ్విరి. చుట్టునున్న వారందఱు నవ్విరి. ఆ చేను మరల మా చేతికి రాలేదు. ఆ మాట మాత్రము నేటికిని నా చెవిని విడువలేదు.

సర్వలోకములకు యజమానియైన దేవుడు ఒకని యొద్ద చేయి చాచుట యేమి? పత్రము వ్రాయుట యేమి? దేవుని ఇట్లు కథలో ఒక పాత్రగా నిలిపి, మనవలెనే కష్టసుఖములు పడినట్లు చెప్పుట ఆయనను తక్కువచేయుట కాదా? చిన్ననాడు నన్ను పట్టుకొన్న ఈ సందేహమునకు మన తిరుపతి, చిత్తూరు సీమల కథల చరిత్రలో నాకు తోచిన సమాధానమును నేడు మీకు మనవిచేసెదను.

మొదట ఆ కథనే ఒకసారి తలచుకొందము. మీకు తెలియనిది కాదు. అయినను ఒక గృహస్థుని కథ విన్నట్లుగా వినుడు. భృగుమహర్షి వచ్చి విష్ణువు వక్షస్థలమున తన్నెను. స్వామి కోపింపక ఆ పాదమును ఒత్తెను. తాను నివసించు చోటికి అవమానము జరిగినదని లక్ష్మి అలిగి కొల్లాపురము చేరెను. ఇల్లాలు విడిచిన యిల్లు ఇల్లు గాదు గదా! స్వామి వైకుంఠము విడిచి వేంకటాద్రికి వచ్చి పుట్టలో దాగెను. ఆవు వచ్చి పాలు కురిసెను. గోపాలుడు గొడ్డలి విసరగా స్వామి తలకు గాయమయ్యెను. నిలువ నీడకై వరాహస్వామిని స్థలము అడుగవలసి వచ్చెను. బాడుగ యిచ్చుటకు కాసు లేదు గనుక, తొలిదర్శనము, తొలినైవేద్యము నీకేయని మాట యిచ్చెను. యాత్రికులు నేటికిని ముందుగా వరాహస్వామిని దర్శించు ఆచారమునకు మూలము ఆ మాటయే యని చెప్పుదురు.

అటుతరువాత వేటకు పోయి, నారాయణవనపు ఆకాశరాజు కూతురైన పద్మావతిని ఉద్యానవనమున చూచెను. చెలికత్తెలు రాళ్లు రువ్విరి; గుఱ్ఱము కూలెను. స్వామి ఇల్లు చేరి ముసుగు పెట్టి పండుకొనెను. తల్లివలె పోషించిన వకుళమాత పెండ్లిమాటలకు బయలుదేరెను. అంతటితో నిలువలేక తానే ఎఱుకలసాని వేషమున రాజనగరునకు పోయి సోదె చెప్పెను. సంబంధము కుదిరెను. కుదిరిన పిదప చూచుకొనగా చేత ధనము లేదు. కుబేరుడు రామనిష్కములు ఇచ్చుటకు ఒప్పుకొని పత్రము అడిగెను. పుచ్చుకొనువాడెవడో, ఇచ్చువాడెవడో, దేనికొఱకో, ఏ సంవత్సరమో అన్నియు తెలియ స్వామి పత్రము వ్రాసియిచ్చెను. బ్రహ్మయు, శివుడును, అశ్వత్థవృక్షమును సాక్షులు. మన కరణములు వ్రాయు దస్తావేజునకు ఇందులో లోపించినదేమి?

ఈ కథ సంస్కృతమున భవిష్యోత్తరపురాణములోనిదిగా ప్రసిద్ధమైనది. వేంకటాచల మాహాత్మ్యమనగా ఒక పురాణమునుండి వచ్చినది గాదు. వారాహము, పాద్మము, స్కాందము మొదలగు పలుపురాణముల భాగములను కూర్చిన సంకలనము. స్వామి సన్నిధిని ఆ మాహాత్మ్యమును పఠించు ఏర్పాటును గూర్చి 1491వ సంవత్సరపు తిరుమల శాసనము చెప్పుచున్నది. అనగా, తన కష్టముల కథను తానే తన గుడిలో కూర్చుండి వినుటకు దేవునికి అభ్యంతరము లేదని ఆనాటి పెద్దలు నిశ్చయించిరన్నమాట. దేవుని కథలోనికి దింపినవారు నాస్తికులు గారు, ఆయనకు పూజచేసినవారే.

ఆ కాలముననే తాళ్ళపాక అన్నమాచార్యులు జీవించియుండిరి. 1503లో పరమపదించిన ఆ మహానుభావుని సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమున భద్రముగా నుండెను. 20వ శతాబ్దమున దేవస్థానమువారు వానిని అచ్చువేయించిరి. అందు అధ్యాత్మ సంకీర్తనలు కొన్ని, శృంగార సంకీర్తనలు చాల. శృంగార సంకీర్తనలలో స్వామి నాయకుడు. ఆలస్యముగా వచ్చి అలమేలుమంగ చేత మాటలు పడును, బొంకును, బ్రతిమాలుకొనును. ఇంత చనువు తీసికొన్న కవి హద్దు ఎఱుగనివాడా? కాదు. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రమున ఒక వృత్తాంతము కలదు. సాళువ నరసింహరాజు ఆ పదములు విని మురిసి, తనమీదను అట్టిది యొకటి చెప్పుమని అడిగెను. అన్నమాచార్యులు చెవులు మూసికొనిరి. రాజు సంకెలలు వేయించినను ఒప్పుకొనలేదు. స్వామిని వేడుకొనగా సంకెలలు ఊడిపడెనని చిన్నన్న చెప్పెను. దేవుని మనుష్యుడుగా పాడవచ్చును గాని, మనుష్యుని దేవునిగా పాడరాదు. ఈ హద్దును గుర్తుంచుకొనుడు; దీనికి మరల వచ్చెదను.

గుఱ్ఱంకొండ సమీపమున తరిగొండలో పుట్టిన వెంగమాంబ 1817లో తిరుమలలో సిద్ధిపొందినది. చిన్ననాటనే భర్తను కోల్పోయిన స్త్రీకి ఆనాటి సమాజము పెట్టిన కట్టుబాట్లకు ఆమె లొంగలేదు. ఊరివారి ఆగ్రహమును పొంది కొండ చేరినది. అచట వేంకటాచల మాహాత్మ్యమును తెలుగు కావ్యముగా రచించినది. ఆమె రచనలలో యక్షగానములును ఉన్నవి. అనగా దేవుని రంగముమీద నడపించి, పలికించు రచనలు. పెండ్లిపేరంటములకు పిలుపు లేని స్త్రీ, సాక్షాత్తు శ్రీనివాసుని పెండ్లికథను పూర్తిగా తన చేతులమీదుగా జరిపించినది. నేటికిని రాత్రి ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాలహారతి జరుగుచున్నది. తాళ్ళపాకవారి లాలి, తరిగొండమ్మ హారతి అను మాట మీరందఱు వినియే యుందురు. కథలో దేవుడు దిగివచ్చినప్పుడు ఎవరు పైకి లేచుచున్నారో చూచితిరా?

కొండ దిగి శ్రీకాళహస్తికి పోయినచో మఱియొక వింత. ధూర్జటి మహాకవి కాళహస్తీశ్వర మాహాత్మ్యములో శివుడు కవియయ్యెను. కఱవుకాలమున ఒక పేద అర్చకుని బాధ చూడలేక, పాండ్యరాజు సభలో చదివి ధనము తెచ్చుకొమ్మని పద్యము వ్రాసియిచ్చెను. సభలోని నత్కీరుడు అందు తప్పు పట్టెను. స్వయముగా శివుడు వచ్చి మూడవకన్ను తెఱచి చూపినను తప్పు తప్పేయనెను. శాపముచే కుష్ఠరోగము తెచ్చుకొని, తుదకు ఆ స్వామి దయచేతనే బాగుపడెను. ఎంత ధైర్యము! దేవుని పద్యమునకు తప్పుపట్టిన వానిని ఆ దేవుని మాహాత్మ్యములోనే నిలిపిన కవికి ఇంకెంత ధైర్యము!

ఇవన్నియు చదువుకొన్నవారి మాటలు. చదువురాని వారికి దేవుడు వీధిలో కనబడెను. మన చిత్తూరు సీమలో ద్రౌపదీ ధర్మరాజుల గుడులయొద్ద జరుగు భారతములు మీకు నేను వర్ణింపవలయునా? పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అర్జునుని తపస్సునాడు వేషధారి ఆకాశమంత మాను ఎక్కుచుండగా, సంతానము కోరు స్త్రీలు క్రింద తడిబట్టలతో సాష్టాంగపడుదురు. కడపట మట్టి దుర్యోధనుని వధ, అగ్నిగుండము. మా ఊర కృష్ణవేషము కట్టు రైతు ఒకడుండెను. ఒక రాత్రి ఆయన రాయబారమునకు వచ్చినప్పుడు ఊరి షావుకారు లేచి కర్పూరహారతి పట్టి కన్నుల కద్దుకొనెను. మఱునాడు ప్రొద్దుననే ఆ షావుకారు ఆ రైతు గుమ్మమున నిలిచి పాతబాకీ అడిగెను. ఇద్దఱిలో ఎవరికిని అందు వింత తోచలేదు. రంగు కడిగిన ముఖము రైతుది. హారతి అందుకొన్నది కృష్ణుడు.

సినిమా వచ్చి ఈ లెక్కను కొంచెము తారుమారు చేసినది. 1939లో పి. పుల్లయ్యగారు బాలాజీ కథను చిత్రముగా తీసిరి. అందు సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారు స్వామి, శాంతకుమారిగారు పద్మావతి. 1960లో ఆయనయే శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యము తీసినప్పుడు రామారావుగారు స్వామియైరి, సావిత్రిగారు పద్మావతియైరి. నాటి పద్మావతి శాంతకుమారిగారు వకుళమాతయైరి. ఇరువదియొక్క యేండ్లలో పెండ్లికూతురు పెండ్లికొడుకు తల్లియైనది! ఆ చిత్రము చూచిన జనులలో కొందఱు కొండకు పోయి, అటనుండి మద్రాసు చేరి రామారావుగారిని దర్శించి వచ్చెడివారని ప్రసిద్ధి. వీధినాటకపు రంగు తెల్లవారునప్పటికి నీళ్లతో పోవును. తెరమీది రంగు పోదు. వేయి ఊళ్లలో ఒకే ముఖము, ఒకే నవ్వు. ఆ నటునిలో నేను దోషమెంచను. కాని సాళువ నరసింహుని కథలోని హద్దు ఇచ్చట చెరిగిపోవు ప్రమాదము కలదు. పాత్రకు పట్టిన హారతి వేషధారి యింటివఱకు పోకూడదు. ఆ వివేకము మా ఊరి షావుకారునకు ఉండెను.

అయినను, ఈ కథలవలన నష్టమే కలిగినదందునా? అనను. దేవునికి పెండ్లి జరిగినది గనుక ఆయనకు చుట్టములు ఏర్పడిరి. తిరుచానూరి పంచమీతీర్థమునాడు కొండనుండి అమ్మవారికి పసుపుకుంకుమలు, చీర వచ్చును. తిరుపతి గంగమ్మ స్వామికి చెల్లెలు. జాతరకు అన్నగారి సారె వచ్చును. గోవిందరాజస్వామి అన్నగారు, తమ్ముని అప్పు తీర్చుటకు ధనము కొలిచి కొలిచి అలసి, కుంచమును తలక్రింద పెట్టుకొని నిద్రించెనని మన ముసలమ్మలు చెప్పుదురు. బీబీ నాంచారి కథ వలన మహమ్మదీయులకును ఆయన అల్లుడయ్యెను. ఉగాదినాడు దేవుని కడపలో వారు ఆ వావితోనే గుడికి వచ్చుట నేటికిని కలదు. శాస్త్రార్థములు చెప్పి ఏ పండితుడు ఇన్ని కులములవారిని, ఈ రెండు మతములవారిని ఒక పందిరి క్రిందికి తేగలిగెను? నిర్గుణుడు, నిరాకారుడు అన్నచో మనము నమస్కరింతుము. అల్లుడు, అన్న అన్నచో సారె పంపుదుము.

ఇక మా తండ్రిగారి మాటకు వచ్చెదను. స్వామి అప్పుచేసెనని ఆయన చెప్పినది నిజమే. కాని ఆయన సగము కథ మాత్రమే చెప్పిరి. విన్నవారు సగమే విని నవ్విరి. తక్కిన సగమేమి? పత్రము వ్రాసినవాడు మాట తప్పలేదు. కలియుగాంతమువఱకు వడ్డి కట్టుదునని నిలిచియుండెను గనుకనే వడ్డికాసులవాడని పిలిపించుకొనెను. ఆ వడ్డిని తీర్చుటకు పేదరాలు కొంగున ముడివేసిన కాసు మొదలు ధనికుని నిలువుదోపిడి వఱకు లోకమంతయు హుండీలో వేయుచున్నది. స్వామి అప్పును ఊరంతయు పంచుకొన్నది. మా తండ్రిగారి అప్పును పంచుకొనుటకు ఎవరును రాలేదు. అరుగుమీద నవ్వినవారు పెండ్లిలో భోజనముచేసి వెళ్లిరి. చేను ఒక్కరిదే పోయినది.

మెట్టసేద్యముమీద, వానమీద బ్రతుకు మన సీమలో పెండ్లి అప్పులకు ఈ కథను సాక్ష్యముగా చూపుట నేను చాలచోట్ల విన్నాను. అందుచేత మీకు నా మనవి యొక్కటే. దేవుని కథలో పాత్రగా చెప్పుట తప్పని ఎవరైన అన్నచో, తప్పు గాదని తాళ్ళపాకవారిని, తరిగొండమ్మను, ధూర్జటిని సాక్షులుగా చూపుడు. కాని మీ అరుగుమీద ఎవడైన కూతురి పెండ్లికి చేను తాకట్టు పెట్టబోవుచు స్వామి పేరు చెప్పినచో, ఆతనితో పాటు నవ్వకుడు. కథను తుదివఱకు చెప్పుడు. చెప్పి, ఆ పెండ్లి ఖర్చులో సగము తగ్గించుటకో, ఆ అప్పులో తలకొకింత పంచుకొనుటకో పూనుకొనుడు. ఆ సాయంకాలము మా అరుగుమీద అట్టి పెద్ద ఒక్కడున్నను మా చేను మాకు దక్కియుండెడిది.