దర్శనమును సంఘమును



ఈ వార్షిక సంచికకు మన సంఘ చరిత్రమును గూర్చి వ్యాస మొకటి వ్రాయుమని కార్యనిర్వాహకులు నన్ను గోరిరి. మన మూలపురుషుల కథలును, దాతల నామములును పూర్వ సంచికలలో పలుమారు వెలువడినవి, మీకవి కంఠస్థములు. కావున మీ యనుమతితో నీ పర్యాయము, పుట్టిన సంఘములో నిముడలేక తన మతమునకు సరిపడు మరియొక సంఘమును వెదకికొన్నవారి చరిత్రమును విన్నవించుకొందును. ఇది మనకు బరాయి కథ గాదు.

ఇందుకు కారణమైన సంగతి యొకటి కలదు. కొన్ని యేండ్ల క్రిందట మన కులమువాడే, నా పూర్వ విద్యార్థి యొకడు, కంబదూరిలోని మా యింటికి వచ్చి నా యెదుట గూర్చుండి యిట్లనెను. "అయ్యవారూ, నాకు దేవునియందు నమ్మకము లేదు. అబద్ధమాడను, ఒకరి సొమ్ము ముట్టను, కులభేదము పాటింపను. నా మతమేదో నాకు తెలిసినది. నావా రెవరో తెలియుట లేదు. పండుగనాడు నేనెవరి పంక్తిని గూర్చుండవలెను? నేను చచ్చిన నన్నెవరు మోయుదురు?" నలువది యేండ్లు పాఠము చెప్పిన యలవాటు చొప్పున నేను శ్లోక మొకటి చదివితిని. అతడు నవ్వి, "శ్లోకము మోయదు గదా, అయ్యవారూ!" అనెను. నాకు బదులు తోపలేదు. ఆ బదులును వెదకుటయే యీ వ్యాసము.

ఈశ్వరుని నంగీకరింపని యాలోచన మనకు సీమనుండి దిగుమతి యైనదని పలువురు తలతురు. అది పొరపాటు. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలలో సృష్టికర్తకు చోటు లేదు. వేదమును ప్రాణముగా నెంచిన మీమాంసకుడు కుమారిలభట్టు సర్వజ్ఞుడైన సృష్టికర్త కలడను వాదమును ఖండించెను. 14వ శతాబ్దిలో విజయనగర రాజ్యమున మాధవుడు రచించిన సర్వదర్శన సంగ్రహము చార్వాక దర్శనముతోనే ప్రారంభమగును. ఖండించుటకే యైనను, మొదట వారి మాట వినవలెననుట మన పెద్దల మర్యాద.

అయినను చార్వాకుల గతి యేమయ్యెను? వారి సూత్రములు నశించినవి. వారికి మఠము లేదు, గురుపరంపర లేదు, శిష్యులకు ముద్ద పెట్టు సత్రము లేదు. వారి మాటలు ప్రత్యర్థుల గ్రంథములలో మాత్రమే మిగిలినవి. లోకాయతమునకు సంబంధించినదని పండితులు పరిగణించు గ్రంథ మొక్కటి, జయరాశిభట్టు రచించిన తత్త్వోపప్లవ సింహము, 1926లో గుజరాతులోని పాటణమున తాళపత్రములపై కనబడి, 1940లో బరోడాలో నచ్చుపడినది. అది దొరికినది జైనుల గ్రంథ భాండాగారమున! ఆ గ్రంథము జైనుల మతమును సైతము విడువక ఖండించునది. అట్టి దానిని సైతము వారు శతాబ్దులు పదిలపరచిరి. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరెదను. తుదకు మరల దీనికడకే రావలసి యున్నది.

జైనులును సృష్టికర్త నంగీకరింపరు. కాని వారికి సంఘ ముండెను. మన యనంతపురము సీమలోని కొనకొండ్లలో వారి శాసనములును శిల్పములును నేటికిని గలవు. చార్వాకులు నశించి జైనులు నిలుచుటకు తర్కబలమొక్కటియే కారణము గాదు. శ్రావకుని యింట భిక్ష దొరకెను, బసదిలో నీడ దొరకెను. దర్శనము తలకు సంబంధించినది. సంఘము కడుపునకును, కన్నీటికిని సంబంధించినది. రెండును లేక యేదియు మూడు తరములు నిలువదు.

మన వేమన చరిత్రమును ఇట్టిదే. ఆయన సమాధి యున్న కటారుపల్లె నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరి ప్రాంతమున గలదు. ఆయన నాస్తికుడు గాడు, యోగి. కాని గుడిని, కులమును, తంతును నిర్దాక్షిణ్యముగా ప్రశ్నించెను. ఆయన పద్యములు ప్రతి నాలుక మీదను నిలిచినవి. 1829లో బ్రౌను దొర వానిని నచ్చొత్తించెను. కాని ఆ పద్యములు చెప్పినట్లు కలిసి జీవించు సంఘ మేర్పడలేదు. పైపెచ్చు కులమును నిరసించిన యా మహనీయుని పేరు కుల సంఘములు నడుపు విద్యాలయములకు పెట్టబడినది. నవ్వవలెనో సిగ్గుపడవలెనో మీరే నిర్ణయింపుడు.

కులమును విడుచుట యంత కష్టమెందుకని పట్టణవాసు లడుగుదురు. ఈ యెండు మిట్టపై పుట్టినవాని నడుగుడు. ధాత కరవు (1876–78) కథలు మా తాతల నోట విన్నవారము. వాన మొగము చాటువేసిన యేట అప్పు పుట్టించువాడు, పిల్లకు సంబంధము చూచువాడు, పాడె మోయువాడు కులమువాడే. కావున వెలి యనగా నిచట మాటవరుసకు శిక్ష గాదు. 1850వ సంవత్సరపు చట్టము, కులము గోల్పోయినంత మాత్రమున ఆస్తిహక్కు పోదని శాసించెను. 1872 నాటి వివాహ చట్టము క్రింద పెండ్లి యాడవలెనన్న, తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతములలో దేనికిని చెందమని ప్రకటింపవలసి యుండెను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమున నా నిర్బంధము లేదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంతఃకరణ స్వాతంత్ర్యమును హక్కుగా నొసగెను. చట్టము హక్కు నీయగలదు. పంక్తిని చోటు నీయజాలదు.

ఆ చోటును స్వయముగా నిర్మించిన తెలుగువారు గలరు. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) డబ్లినులో బారిస్టరు చదివి వచ్చి, తెనాలిలో తన యింటికి సూతాశ్రమమని పేరిడెను. పురాణములను ప్రశ్నించి యూరకుండక, తెలుగున వివాహవిధిని రచించి, వధూవరుల కర్థమగు మాటలతో పెండ్లిండ్లు జరిపించెను. సంస్కృతముతో పొట్ట పోసికొన్న నేనొక యొప్పుదల చేయవలెను: తాము చేయు ప్రమాణ మేమో తెలియని దంపతులను నేనెందరినో యక్షతలు చల్లి దీవించితిని.

గోరా యని ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) మరియొక యడుగు ముందునకు వేసెను. బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టము బొంది, కాకినాడలో నధ్యాపకుడుగా నున్న కాలమున జందెమును విడిచి వెలికి గురియయ్యెను. నాస్తిక భావముల కారణమున నుద్యోగములును పోయినవి. 1922లో పదియేండ్ల ప్రాయమున ఆయనను పెండ్లాడిన సరస్వతి (1912–2006) ఆ కష్టములన్నిటిలోను సమభాగిని. 1940 ఆగస్టులో కృష్ణా జిల్లా ముదునూరు గ్రామమున వారు నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో నది విజయవాడలోని పటమటకు మారెను. జయరాశి గ్రంథ మచ్చుపడిన సంవత్సరమే యీ కేంద్రము పుట్టుట కాకతాళీయము; కాని గ్రంథమునకు లేని యిల్లు ఈ దర్శనమునకు తెలుగుదేశమున నా యేట దొరకినది.

అచట జరిగిన దేమి? ఉపన్యాసములు మాత్రమే గావు. వయోజనులకు చదువు చెప్పిరి. అన్ని కులములవారిని నొక పంక్తిని గూర్చుండబెట్టి సహపంక్తి భోజనములు నడపిరి. పెద్దకుమార్తె మనోరమను దళిత యువకుడైన అర్జునరావున కిచ్చి వివాహము చేయ నిశ్చయించిరి. పరమాస్తికుడైన గాంధీ మహాత్ముడు ఆ పెండ్లిని సేవాగ్రామమున జరిపింప నంగీకరించి, అందు దేవుని ప్రసక్తి లేకుండుటకును సమ్మతించెను. 1948 జనవరిలో నాయన హత్యకు గురియైనను, ఆ మార్చిలో సేవాగ్రామముననే వివాహము జరిగెను. గోరా కుమారుడు లవణము, మహాకవి జాషువా కుమార్తె హేమలత దంపతులై, స్టూవర్టుపురములో నేరస్థులని ముద్ర పడిన కుటుంబముల నడుమ సంస్కరణకై పాటుపడిరి. పంక్తి, పెండ్లి, పరోపకారము: ఈ మూటితో నొక యాలోచన సంఘమైనది.

అట్లని వారి మార్గమే యందరికి మార్గమని నేను చెప్పను. నేను నేటికిని సంధ్యవేళ దీపము పెట్టుకొనువాడనే. అట్టి కేంద్రములు పట్టణములలో నున్నవి. కంబదూరిలో, కల్యాణదుర్గములో, మడకశిరలో నట్టివాడు ఒంటరివాడే. వాడు తన సంఘమును వెదకుచు మూడు వందల మైళ్లు పోవలెనా? లేక మన మధ్యనే వానికి చోటు గలదా?

ఇక పాటణపు తాళపత్రముల కథకు వత్తము. ఆ భాండాగారపు జైనులు జయరాశితో నేకీభవింపలేదు. ఐనను చెదలు తిననీయలేదు. తన మతముపై నమ్మకమున్న సంఘమే యిట్టి పని చేయగలదు. భయపడు సంఘము కాల్చివేయును.

కావున ఈ మహాసభవారికి నాదొక మనవి. మన నిబంధనావళిలో సభ్యత్వమునకు "దైవభక్తియు కులాచారమును" గలవాడై యుండవలెనను మాట యున్నది. నలువది యేండ్ల క్రిందట దానిని వ్రాసిన చేయి నాదే. దానికి బదులు "సత్యశీలము గలవాడు" అని మార్పుడు. వసతిగృహమున బాలునికి చోటిచ్చునపుడు తల్లి కులమును, తండ్రి పూజను విచారింపకుడు. సభ్యు డేమి నమ్మినను, ఎవరిని పెండ్లాడినను, వాని యింట చావు సంభవించినపుడు నలుగురము పోవుదమని తీర్మానింపుడు. ఇందుకు చందా యక్కరలేదు, భుజము చాలును.

ఆనాడు నేను బదులు చెప్పలేని ప్రశ్నకు ఇదియే నా బదులు. నా విద్యార్థి యీ సభకు వచ్చెదనని చెప్పినాడు. భోజనవేళ వాడు నా ప్రక్కనే కూర్చుండును. రెండవ ప్రక్క నెవరు కూర్చుందురో చూడవలెనని యున్నది.

స్వస్తి.