వదిలి వెళ్ళే హక్కు: వెట్టి నిర్మూలన చట్టంలో అడ్వాన్సు ప్రశ్న

వెట్టి, పాలేరు, జీత, భగేలా. 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ నిర్మూలన చట్టం నిర్వచనంలో దేశంలోని పలు దాస్య పద్ధతుల పేర్ల నడుమ ఈ నాలుగూ కనిపిస్తాయి. తెలుగు నేలకు బాగా ఎరుకైన మాటలివి. పేర్లు మాత్రం ఒకచోట నిలవవు. కూలీలను కుదిర్చే సర్దారు ఇచ్చిన అడ్వాన్సుతో తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే పశ్చిమ ఒడిశా కుటుంబాన్ని, గుంపుమేస్త్రీ వద్ద ముందే డబ్బు పుచ్చుకుని దూరప్రాంతపు పనులకు కదిలే పాలమూరు కూలీని ఎవరూ పాలేరు అనరు. ‘ఇష్టపడే డబ్బు తీసుకున్నాడు కదా, ఇక వెట్టి ఎక్కడిది?’ అనే వాదన ఈ పేరు మార్పు చాటునే పుడుతుంది. కూలీ పనిలోకి ఎలా వచ్చాడన్నదాని కంటే, ఆ పని వదిలి వెళ్ళగలడా అన్నదే వెట్టికి గీటురాయి అని చట్టపాఠం, సుప్రీంకోర్టు తీర్పుల ఆధారంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

రాజ్యాంగం 23వ అధికరణం బేగారునూ, ఆ తరహా నిర్బంధ శ్రమనూ నిషేధించింది. 1976 చట్టం అప్పు, ఆచారం, వారసత్వం, కులం వంటి కట్టుబాట్ల వల్ల కూలీకి కలిగే నష్టాలను నాలుగుగా లెక్కించింది: కూలి లేకుండానో నామమాత్రపు కూలికో పనిచేయడం, వేరే ఉపాధి వెతుక్కునే స్వేచ్ఛ పోవడం, దేశంలో తిరిగే హక్కు పోవడం, తన శ్రమఫలాన్ని మార్కెట్ ధరకు అమ్ముకోలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. కనీస వేతనం కంటే తక్కువైనదే నామమాత్రపు కూలి అనీ చట్టమే చెప్పింది. 1985 సవరణ కాంట్రాక్టు కూలీలను, అంతర్రాష్ట్ర వలస కూలీలను ఈ నిర్వచనం కిందికి స్పష్టంగా తెచ్చింది. ఈ నష్టాలన్నీ పనిలో చేరాక అనుభవానికి వచ్చేవే. అందుకే తొలినాటి అంగీకారం వాటికి సమాధానం కాజాలదు.

1982 నాటి ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు కాగా, కూలీలను కుదిర్చిన జమాదార్లు ఒక్కో కూలీ నుంచి ఒక రూపాయి కోసుకునేవారు. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం నిర్బంధ శ్రమేననీ, ఆకలి, పేదరికం కూడా బలవంతపు రూపాలేననీ జస్టిస్ భగవతి ధర్మాసనం తేల్చింది. అలాగైతే పేదవాడు చేసే ప్రతి పనీ వెట్టే అవుతుందన్న ఆక్షేపణ బలమైనదే. కానీ కోర్టు పేదరికాన్నే కొలబద్ద చేయలేదు; ప్రభుత్వం గీసిన కనీస వేతనపు గీతను తీసుకుంది. ఆ గీత కిందికి దిగేది లేమి వల్ల మరో దారి కానరానివాడే. కోత పడిన ఆ ఒక్క రూపాయే అందుకు సాక్ష్యం.

ఇలా ప్రతి అడ్వాన్సునూ అనుమానిస్తే పల్లెల్లో అప్పు పుట్టదన్నది రెండో ఆక్షేపణ. చట్టం అప్పివ్వడాన్ని ఆపలేదు. అప్పుకు మనిషి శ్రమను తాకట్టు పెట్టడాన్ని ఆపింది. 6వ సెక్షన్ రద్దు చేసింది అలాంటి బాకీనే. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకునే భారాన్ని 15వ సెక్షన్ అప్పిచ్చినవాడి మీదే మోపింది. దీన్ని అన్యాయమనడానికి వీల్లేదు. లెక్కల పుస్తకం ఉండేది యజమాని చేతిలో. వేలిముద్ర వేసినవాడి దగ్గర ఏ కాగితమూ ఉండదు. నిర్బంధ శ్రమ కనిపిస్తే దాని వెనక అడ్వాన్సు ఉందని ముందుగా భావించాలనీ, కాదని నిరూపించే అవకాశం యజమానికి ఉంటుందనీ 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో కోర్టు చెప్పింది.

వదిలి వెళ్ళగలడా అన్న గీటురాయిని ఒప్పుకుంటే పునరావాసం దయాదాక్షిణ్యాల కోవలోకి రాదు, హక్కులో భాగమవుతుంది. విడిపించి వదిలేస్తే కూలీ మళ్ళీ అదే బంధంలో పడతాడని 1984లో నీరజా చౌధరి కేసులో కోర్టు హెచ్చరించింది. 2016 నాటి కేంద్ర పథకం లక్ష నుంచి మూడు లక్షల రూపాయల దాకా సాయం ప్రకటించినా, పూర్తి చెల్లింపును కోర్టు విచారణ ఫలితంతో ముడిపెట్టింది. విచారణ తేలేదాకా కూలీ ఇంట్లో పొయ్యి వెలగాలంటే మళ్ళీ ఎవరి అడ్వాన్సో కావాలి. బట్టీ నుంచి బయటపడిన మనిషికి మరుసటి నెల గడిచే దారి చూపనంతవరకు 23వ అధికరణం ఇచ్చిన హామీ సగమే అమలైనట్టు.