చందుర్తి యుద్ధం – మా భోజనబల్ల మీద

బొబ్బిలి యుద్ధం పేరు వినని తెలుగువాడుండడు. దానికి రెండేళ్ళయినా నిండకముందే జరిగి, అంతకంటె దూరం ప్రాకిన చందుర్తి యుద్ధం మాట ఎత్తితే మాత్రం చాలామంది తెల్లబోతారు. 1758 డిసెంబరులో, పిఠాపురం సమీపాన, ఇంగ్లీషువారికీ పరాసులకూ (ఫ్రెంచివారిని మన పెద్దలు అలాగే అనేవారు) జరిగిన పోరది. లాలీ బుస్సీని దక్షిణాదికి పిలిపించుకొన్న అదను చూచి, విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు విశాఖపట్నాన్ని పరాసులనుండి లాగికొని కంపెనీవారికి కబురంపాడు. క్లైవు వంగదేశంనుండి కర్నల్ ఫోర్డును పంపాడు.

సంక్రాంతి సెలవులకు గుంటూరు వచ్చిన మా మనుమడితో ఈ యుద్ధం ఆడాను. సీసపు సైనికులతో పాతయుద్ధాలను బల్లపై మళ్ళీ నడిపే వేడుక పడమటి దేశాలలో ఉన్నది, ఎచ్.జి. వెల్సు 1913లో దానిపై పుస్తకమే వ్రాశాడు. మాకు సీసం దేనికి? గింజకు ఏబదిమంది లెక్క. ఫోర్డు తెల్లసైనికులు 470 మంది, సిపాయిలు 1900. అందరూ ఎర్రకోటులవారే గనుక అందరికీ గురివింద గింజలు. తెల్లవారి తొమ్మిది గింజలకు మాత్రం అడుగున సున్నపు చుక్క. పరాసుల సేనాని కాన్‌ఫ్లాన్స్‌కు 500 మంది తెల్లవారు, అంటే పది గవ్వలు; 6000 మంది సిపాయిలు, అంటే నూటయిరవై చింతపిక్కలు. రాజుగారి అయిదువేల కాల్బలం నూరు పత్తిగింజలు.

చిక్కు ఎక్కడంటే, ఆనాటి గెలుపంతా మరుగుమీద ఆధారపడింది. ఫోర్డు తెల్లదళానికి ముందు ఏపుగా ఎదిగిన చేను అడ్డం వచ్చింది. ఓర్మ్ మాటనుబట్టి అది మొక్కజొన్న. మన జొన్నే అయి ఉంటుందని నా ఊహ. బల్లపైకి వంగి చూచేవాడికి చేను అడ్డమవుతుందా? అందుకని శబ్దరత్నాకరాన్ని చేనుగా నిలబెట్టి, మనుమణ్ణి గడ్డం బల్ల అంచుకు ఆనించి మాత్రమే చూడమన్నాను.

వాడు కాన్‌ఫ్లాన్స్ చేసిన పొరపాటే చేశాడు. చేనుప్రక్కన కనబడిన ఎర్రగింజలే తెల్లవారనుకొని గవ్వలన్నిటినీ వాటిమీదికి తోలాడు. అవి సిపాయిలు, చెదరిపోయాయి. గవ్వలు వరుస తప్పి తరుముతుండగా నిఘంటువు చాటునుండి చుక్కగింజలు వచ్చి ప్రక్కనుండి కాల్చాయి.

"ఇది మోసం తాతయ్యా!" అన్నాడు. కాసేపటికి, "ఆ పత్తిగింజలు కదలవేం?" అని అడిగాడు. వాళ్ళంతా ఎండిన చెరువు పల్లంలో తలదాచుకొన్నారని ఓర్మ్ ఎత్తిపొడుస్తాడు. ఈటెలూ విల్లంబులూ పట్టిన రైతుబిడ్డలు ముప్పది ఫిరంగులకు ఎదురు నిలవలేదని ఎత్తిపొడుపేమిటి? నాకు ఆ వాక్యం ఎప్పుడు చదివినా ఒళ్ళు మండుతుంది.

కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం పారిపోయాడు. 1759 ఏప్రిలులో మచిలీపట్నం కోట పడింది. మే నెలలో సలాబత్ జంగు చేసిన సంధిలో మన నిజాంపట్నమూ కంపెనీకి పోయింది. గుంటూరు సర్కారు 1788 దాకా ఆగింది.

ఆట ముగిశాక పడిన గింజలను ఏరుతూ వాడు, "ఇందులో మనవాళ్ళెవరు తాతయ్యా?" అన్నాడు. తొమ్మిది చుక్కగింజలనూ పది గవ్వలనూ ప్రక్కకు తీసిపెట్టి, తక్కినవన్నీ ఒక్క చేటలోకి ఊడ్చాను. వాడు చేట వంక చాలాసేపు చూచి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.