పాత సున్నం, కొత్త సిమెంటు

మన సిద్దిపేట పాత ఇళ్లలో బండల సందులకు సున్నమే వాడేవారు. అది గాలి పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడేది. మరక తుడవడానికి వ్యవధి దొరికేది. 1824లో ఇంగ్లండు తాపీపనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. తర్వాతివాళ్లు దాన్ని మెరుగుపరిచారు. సిమెంటు నీళ్లు తగిలితే గంటల్లోనే బిగుస్తుంది. కొత్త స్నానాలగదిలో టైల్స్ మీద తెల్లపొర మిగిలేది అందుకే.

యాసిడ్ పోస్తే పోతుందంటారు. ఆగండమ్మా! మెరుగు టైల్స్ అయితే, వారం పది రోజులయ్యాక నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి, బాగా కడగవచ్చు. కానీ తాండూరు, షాబాదు బండలు సున్నపురాళ్లే. పులుపు తగిలితే మరకతోపాటు బండ నునుపూ పోతుంది. కూడబెట్టిన డబ్బు నేలపాలే. వాటిని చెక్కముక్కతో గీకి, తడిగుడ్డతో రుద్దాలి. అన్నిటికన్నా మేలు, మేస్త్రి వెళ్లకముందే తుడిపించుకోవడం.