బెత్తం దిగాక ఏమైంది?

వీధిబడి పంతులుగారికి పిల్లవాడి మనసుతో పనిలేదు. పద్యం నోటికొచ్చిందా, ఎక్కం తప్పాడా, అంతే. తప్పితే గుంజీలు, తొడపాశం, గోడకుర్చీ. మరీ మొండికేస్తే కోదండం వేసేవారు, అంటే దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడాల్సిందే. ఇందులో ఊళ్లో ఎవరికీ తప్పు కనబడేది కాదు. పిల్లవాడు బడి ఎగ్గొడితే వాడిని మోసుకొచ్చి అప్పగించింది కన్నవాళ్లే కదా!

ఈ పద్ధతి మీద మొదట తిరగబడిందీ బడిలో పనిచేసినవాళ్లే. వకీలు వృత్తి వదిలేసిన గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. కథలూ ఆటలతో బడి నడిపే మాస్టారి కథగా ఆయన రాసిన పుస్తకం తెలుగులో ‘పగటికల’గా వచ్చింది. ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. మన చలం టీచరుగా, స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా బడిని లోపలి నుంచి చూసినవాడు. ‘బిడ్డల శిక్షణ’లో పిల్లల్ని భయపెట్టి లొంగదీసే పెద్దల్ని నిలదీశాడు. ఆయన కథానాయికల మీద కొట్లాడుకున్నంతగా మనం ఈ పుస్తకం గురించి మాట్లాడుకోలేదు. మాట్లాడుకుంటే మన ఇళ్ల సంగతీ బయటపడుతుందనేమో.

స్వాతంత్ర్యం వచ్చాక బడిని మార్చే పని కమిషన్లు అందుకున్నాయి. 1952–53 నాటి ముదలియార్ కమిషన్ హైస్కూళ్లలో పిల్లలకు మార్గదర్శనం కావాలంది. కొఠారీ కమిషన్ (1964–66) కనీసం పది బడులకు ఒక కౌన్సెలర్ ఉండాలంది. అయితే మార్గదర్శనమంటే చాలామందికి అర్థమైంది ఏ కోర్సులో చేరాలి, ఏ ఉద్యోగానికి పోవాలి అన్నంత వరకే. దిగులు, భయం, నిద్రపట్టకపోవడం బడి లెక్కలోకి రాలేదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో మాళవిక కపూర్ వంటివారు టీచర్లకు శిక్షణ ఇచ్చి, ఇబ్బందిలో ఉన్న పిల్లల్ని తరగతిలోనే గుర్తుపట్టించే ప్రయత్నం చేశారు. రోజూ అదే మొహాన్ని చూసే టీచరుకు తెలిసే మార్పు, నెలకోసారి చూసే డాక్టరుకు తెలియదు.

మన దగ్గర ఈలోగా కార్పొరేట్ కాలేజీలు పెరిగాయి. దెబ్బ స్థానంలో ర్యాంకు వచ్చింది. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్లు రాత్రి దాకా సాగుతాయి. లెక్చరర్ పాఠం చెప్పి వెళ్తాడు, ఆ తరవాత పిల్లవాడు వార్డెన్ చేతిలో ఉంటాడు. ఇద్దరిలో ఎవరికీ వాడి కష్టసుఖాలు అడిగే బాధ్యత లేదు. విద్యార్థుల ఆత్మహత్యలపై నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ పనిచేశాయి. నివేదికలొచ్చాయి, స్టడీ అవర్లు మాత్రం సాగుతూనే ఉన్నాయి.

చట్టం వెనుకబడలేదనే చెప్పాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కాకపోతే ఆ చట్టం 14 ఏళ్ల దాకానే. ఇంటర్ పిల్లవాడు దాని గీత అవతల ఉన్నాడు. 2020లో కేంద్రం ప్రతి ప్రభుత్వ బడిలో ఒక మాస్టారు, ఒక టీచరమ్మ చొప్పున ఇద్దరిని ఆరోగ్య రాయబారులుగా తీర్చిదిద్దే కార్యక్రమం మొదలుపెట్టింది. 2022 అక్టోబర్ 10న 14416 నంబరుతో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వచ్చింది. టీచరు మాత్రం ఓటర్ల జాబితాలకూ సర్వేలకూ యాప్‌లో ఫోటోలకూ పోగా మిగిలిన సమయంలోనే రాయబారం చేయాలి.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. కొఠారీ అడిగిన కౌన్సెలర్‌ను దాదాపు అరవై ఏళ్ల తర్వాత కోర్టు అడగాల్సి వచ్చింది. ప్రభుత్వాలు చట్టం చేసేదాకా ఈ ఆదేశాలకు చట్టమంత బలం ఉంది. కాబట్టి ఈసారి ఫీజు కట్టేటప్పుడు, ర్యాంకుల బోర్డు చూడడానికి ముందే, కౌన్సెలర్ ఎవరో అడగండి.